ముద్దలో మనది కాని వాటా

గత నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. వ్రాసినది ఒక సోదరి. ఆమె భర్తగారికి 39 ఏళ్ళు. మధుమేహం బయటపడి ఏడాది కావస్తున్నది. అత్తగారికి మలబద్ధకం, రాత్రి ఇసబ్‌గోల్ వేసుకోనిదే మరునాడు సుఖం ఉండదు. ఇంట్లో ఐదు నెలల పాప ఉన్నది. సంపాదించేవారు ఒక్కరే. బంధువులెవరో చెప్పగా, ‘ప్రేగులలోని మంచి బ్యాక్టీరియాకు ఆహారం’ అని ముద్రించి ఉన్న ఒక పొడి డబ్బాను తెప్పించుకున్నారట. నెలకు రెండు వేల రూపాయలకు పైమాటే. పాప పేరిట దాచుకునే సొమ్ము రెండు నెలలుగా దానికే పోతున్నది. “ఇది నిజంగా అవసరమా? మానేస్తే మావారి ఆరోగ్యం విషయంలో పిసినారితనం చూపినదాన్నవుతానా?” అని ఆమె అడిగారు.

ఆ రెండవ ప్రశ్న మమ్మల్ని బాధించింది. కనుక జవాబు ముందే చెప్పి, కారణాలు ఆ తరువాత వివరిస్తాము. ఆ డబ్బా అవసరం లేదు సోదరీ. దానిని మానివేయడం పిసినారితనం కానే కాదు. అయితే డబ్బాపై వ్రాసినది అబద్ధమూ కాదు. ఆ ఆహారం మీ వంటింట్లోనే ఉన్నది.

మనం తిన్న అన్నంలోని పిండి పదార్థం, మాంసకృత్తులు, కొవ్వు చాలా వరకు చిన్నప్రేగులోనే జీర్ణమై రక్తంలో కలిసిపోతాయి. కానీ ధాన్యాలలో, పప్పులలో, కూరగాయలలో, పండ్లలో మన శరీరం విడగొట్టలేని కొన్ని పదార్థాలు ఉంటాయి. వాటినే మనం పీచు అంటాము. సంక్లిష్టమైన పిండి పదార్థాలను విడగొట్టగల ఎంజైములు మనిషికి ఇరవైకి లోపే ఉన్నాయి. పెద్దప్రేగులో నివసించే కొన్ని జాతుల బ్యాక్టీరియాకు అటువంటివి వందల సంఖ్యలో ఉంటాయి. మన శరీరంలోని బ్యాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని, శరీర కణాలు సుమారు 30 లక్షల కోట్లని 2016లో ప్రచురితమైన ఒక అంచనా. ఆ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం పెద్దప్రేగులోనే ఉంటుంది. మనం జీర్ణం చేసుకోలేక వదిలివేసినదే వాటికి భోజనం. అంటే మనం తినే ప్రతి ముద్దలోనూ మనది కాని వాటా ఒకటి ఉన్నదన్నమాట.

ఆ వాటా ముట్టినప్పుడు బ్యాక్టీరియా దానిని పులియబెట్టి కొన్ని చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే మూడు వాటిలో ముఖ్యమైనవి. బ్యూటిరేట్‌ను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మన శరీరంలోని ఇతర కణాలు ఎక్కువగా రక్తంలోని చక్కెరపై ఆధారపడగా, పెద్దప్రేగు లోపలి గోడ కణాలు తమ శక్తిలో అధిక భాగాన్ని ఈ బ్యూటిరేట్ నుండి పొందుతాయి. ఆ గోడ బలంగా ఉండటానికి, అనవసరమైన వాపు అదుపులో ఉండటానికి అది తోడ్పడుతుంది. అద్దెకున్నవారు ఇంటి గోడలకు తామే మరమ్మతు చేస్తూ ఉండటం వంటిది ఈ ఏర్పాటు.

‘ప్రీబయాటిక్’ అనే మాటను 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయ్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వ్యాప్తిలోకి తెచ్చారు. ప్రేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు ఎంచుకుని వాడుకోగా, తద్వారా మనిషికి ప్రయోజనం కలిగించే పదార్థమని దాని భావం. పేరు దాదాపు ఒకేలా ఉండటం వలన చాలామంది దీనిని ప్రోబయాటిక్‌తో కలగలుపుతారు. ప్రోబయాటిక్ అంటే మేలుచేసే సజీవ సూక్ష్మజీవులే. ప్రీబయాటిక్ అంటే అటువంటి జీవులకు మేత.

సోదరి అత్తగారి ఇసబ్‌గోల్ సంగతి ఇక్కడే చెప్పాలి. పీచు అంతా ఒకే రకం కాదు. ఇసబ్‌గోల్ నీటిని పీల్చుకుని ఉబ్బి, మలాన్ని మెత్తబరుస్తుంది. ఆ పని అది చక్కగా చేస్తుంది, మానవలసిన అవసరం లేదు. కానీ బ్యాక్టీరియా దానిని పులియబెట్టేది చాలా తక్కువ. అందుకే అది గ్యాసును అంతగా కలిగించదు. అందుకే వాటికి మేతగా కూడా పెద్దగా అక్కరకు రాదు. గోధుమ పొట్టు సైతం ఎక్కువగా ఊడ్చి శుభ్రపరిచే పీచే. ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు, శనగలు, కందులు, రాజ్మా వంటి పప్పుధాన్యాలలోని రాఫినోజ్ తరహా చక్కెరలు, బార్లీ, ఓట్లలోని బీటా గ్లూకాన్, పచ్చి అరటికాయలోని జీర్ణం కాని పిండి, ఇవీ బ్యాక్టీరియా ఇష్టంగా పులియబెట్టేవి. శనగలు తిన్న రాత్రి కడుపు ఉబ్బరిస్తే మనం శనగలను నిందిస్తాము. నిజానికి అది లోపలివారు భోజనం చేస్తున్న చప్పుడు.

ఇంట్లో ఐదు నెలల పాప ఉన్నదన్నారు గనుక మరొక విషయం చెప్పకుండా ఉండలేము. మనిషి జీవితంలో మొట్టమొదటి ప్రీబయాటిక్ తల్లిపాలే. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వుల తరువాత అత్యధికంగా ఉండే ఘన పదార్థం ఒలిగోశాకరైడ్లు అనే ప్రత్యేకమైన చక్కెరల సమూహం. ఒక లీటరు పాలలో అవి 5 నుండి 15 గ్రాముల దాకా ఉంటాయి. శిశువు వాటిని జీర్ణం చేసుకోలేదు. శిశువుకు పనికిరాని పదార్థాన్ని తల్లి శరీరం ఇంత శ్రమపడి ఎందుకు తయారుచేస్తున్నదో శాస్త్రవేత్తలకు చాలాకాలం అంతుపట్టలేదు. అవి శిశువు ప్రేగులలో నివసించే బిఫిడోబ్యాక్టీరియా కోసమని, వాటిలోనూ ‘ఇన్‌ఫాంటిస్’ అనే రకం ఈ చక్కెరలను పూర్తిగా వాడుకోగల సామర్థ్యంతో ఉన్నదని క్రమేణా తేలింది. హానికరమైన కొన్ని క్రిములు ప్రేగు గోడకు అతుక్కోకుండా కూడా ఇవి అడ్డుపడతాయి. తల్లి ఒక బిడ్డకే పాలిస్తున్నానని అనుకుంటుంది గాని, ఆ బిడ్డలోని అసంఖ్యాక జీవులకూ పాలిస్తున్నది. పూర్తి రెండు సంవత్సరాల స్తన్యపానాన్ని ఖుర్ఆన్ ప్రస్తావించినదన్న సంగతి మన ఇళ్ళలో తెలియనిది కాదు. కాబట్టి సోదరి ఇప్పటికే ఒకరికి ఈ ఆహారాన్ని పైసా ఖర్చు లేకుండా అందిస్తున్నారు. ఆరు నెలలు నిండాక మొదలుపెట్టే అదనపు ఆహారంలో మెత్తగా ఉడికించిన పప్పు, రాగి జావ, మెదిపిన అరటిపండు చేరితే ఆ ఏర్పాటు కొనసాగుతుంది.

పెద్దల విషయానికి వస్తే, మా దృష్టిలో అందరూ తెలుసుకోదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓకీఫ్, ఆయన సహచరులు 2015లో దానిని ప్రచురించారు. అమెరికాలోని నల్లజాతీయులలో పెద్దప్రేగు కాన్సర్ ఎక్కువ. దక్షిణాఫ్రికా గ్రామీణులలో అది చాలా అరుదు. ఇరువురి పూర్వీకులూ ఆఫ్రికా ఖండంవారే. భోజనం మాత్రం పూర్తిగా వేరు. పరిశోధకులు ఇటు 20 మందిని, అటు 20 మందిని తీసుకుని రెండు వారాల పాటు వారి భోజనాలను తారుమారు చేశారు. అమెరికావారికి మొక్కజొన్న, చిక్కుళ్ళు, కూరగాయలు అధికంగా ఉన్న భోజనం పెట్టి, రోజుకు 14 గ్రాములున్న పీచును 55 గ్రాములకు పెంచారు, కొవ్వును తగ్గించారు. దక్షిణాఫ్రికా గ్రామీణులకు మాంసం, కొవ్వు దండిగా పెట్టి, 66 గ్రాములున్న పీచును 12 గ్రాములకు దించారు.

కేవలం రెండు వారాలు! అమెరికావారి ప్రేగులలో బ్యూటిరేట్ ఉత్పత్తి రెండున్నర రెట్లయింది. ఆఫ్రికా గ్రామీణులలో అది సగానికి పడిపోయింది. ప్రేగు లోపలి పొరలో కణాలు విభజన చెందే వేగం, వాపు సూచికలు అమెరికావారిలో తగ్గాయి, గ్రామీణులలో పెరిగాయి. ఇవి కాన్సర్ ముప్పుతో సంబంధం ఉన్న సూచికలు. తరతరాలుగా తమను కాపాడుతూ వచ్చిన భోజనాన్ని విడిచిన పద్నాలుగు రోజులలోనే ఆ గ్రామీణుల ప్రేగులు ఎదురుదిశకు మళ్ళాయి.

ఇందులో అతిశయానికి పోరాదు. పీచుతో పాటు కొవ్వు, మాంసం కూడా మారాయి గనుక ఘనత అంతా పీచుదేనని చెప్పలేము. సూచికలు మారడం వేరు, వ్యాధి రావడం లేదా తప్పడం వేరు. అయినా ఈ ప్రయోగం మన ఇళ్ళకు చాలా దగ్గరగా ఉన్నదని మా అభిప్రాయం. మన పెద్దలు జొన్న రొట్టె, రాగి సంగటి, ఉలవచారు, శనగపప్పుతో పెరిగారు. మనం మరపట్టిన తెల్లబియ్యానికి, మైదా రొట్టెలకు, వారానికి నాలుగు సార్లు మాంసానికి వచ్చాము. ఆ గ్రామీణులను రెండు వారాలలో దాటించిన దూరాన్ని మనం రెండు తరాలలో దాటాము, తేడా అంతే.

మేత అందకపోతే బ్యాక్టీరియా ఊరుకుంటాయా? 2016లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, మనిషి ప్రేగులలో ఉండే 14 జాతుల బ్యాక్టీరియాను మాత్రమే ఎలుకలలో ప్రవేశపెట్టి, వాటికి పీచులేని మేత పెట్టారు. ఆకలిగొన్న బ్యాక్టీరియా ప్రేగు గోడకు రక్షణగా ఉన్న శ్లేష్మపు పొరనే తినసాగాయి. పొర పలుచబడింది. అప్పుడు ఒక హానికరమైన క్రిమిని ప్రవేశపెట్టగా ఆ ఎలుకలు తీవ్రంగా జబ్బుపడ్డాయి. ఎలుకలలో కనిపించినదంతా మనుషులకు వర్తించదు గాని, ఆకలిగొన్నవాడు ఇంటి తలుపులు విరిచి పొయ్యిలో పెట్టుకోవడం మనకు తెలియనిది కాదు.

ఇక సోదరి భర్తగారి మధుమేహం. స్వీడన్‌లో 39 మంది ఆరోగ్యవంతులకు మూడు రోజుల పాటు బార్లీ గింజల రొట్టె పెట్టి చూశారు. కొందరిలో భోజనానంతరం రక్తంలో చక్కెర పెరుగుదల మెరుగుపడింది. కొందరిలో ఏ మార్పూ రాలేదు. మెరుగుపడినవారి ప్రేగులలో ప్రెవొటెల్లా అనే బ్యాక్టీరియా జాతి అధిక నిష్పత్తిలో ఉన్నది. ధాన్యాలు, పప్పులు ఎక్కువగా తినే జనాలలో తరచుగా కనిపించే జాతి ఇది. ఒకే ఆహారం ఇద్దరికి ఒకే ఫలితం ఇవ్వదన్నమాట. బంధువుకు పనిచేసిన పొడి మనకూ పనిచేసి తీరాలని లేదు.

బార్లీ మాట ఎత్తగానే మా పాఠకులలో కొందరు తల్బీనాను గుర్తు చేస్తారని తెలుసు. బార్లీ పిండితో కాచే ఆ జావను రోగులకు, దుఃఖంలో ఉన్నవారికి ఇచ్చేవారని హదీసు గ్రంథాలలో ఉన్నది. స్వీడన్ ప్రయోగాన్ని దానికి ఋజువుగా చూపాలనే ఉత్సాహం కొందరికి కలుగుతుంది. మాకది నచ్చదు. అక్కడ పెట్టినది రొట్టె, ఇక్కడ చెప్పినది జావ. వారు కొలిచినది చక్కెర, ఇక్కడి ప్రస్తావన మనసుకు కలిగే ఊరట. హదీసుకు స్వీడన్ సాక్ష్యం అక్కరలేదు. ఇంట్లో బార్లీ జావ కాచుకోవడానికి మాత్రం ఇది మంచి కారణమే.

డబ్బాలోని పొడి సాధారణంగా షికోరీ అనే మొక్క వేరు నుండి తీసిన ఇన్యులిన్. కాఫీపొడిలో కలిపే షికోరీ అదే. వేరును వేయించినప్పుడు ఇన్యులిన్ చాలా వరకు విచ్ఛిన్నమవుతుంది గనుక ‘మేము రోజూ కాఫీ త్రాగుతున్నాము కదా’ అని ఎవరూ సంతోషించనవసరం లేదు. ఇన్యులిన్ బిఫిడోబ్యాక్టీరియాను పెంచుతుందన్నది అనేక ప్రయోగాలలో తేలిన మాటే. కానీ అది ఒకే రకం పీచు. లోపల ఉన్నవి వందల జాతులు. ఒక్కొక్కదాని రుచి వేరు. దావత్‌కు వచ్చిన వందమందికి ఒకే పదార్థం వడ్డించినట్లుంటుంది. పప్పు, ఆకుకూర, జొన్న, ఉల్లి, పండు కలిసిన భోజనంలో పీచు రకాలు ఎన్నో ఉంటాయి. వాటితో పాటు మాంసకృత్తులు, ఖనిజాలు, విటమిన్లు వస్తాయి.

పెద్దలు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అది ఎక్కడి నుండి వస్తుందో చూడటానికి మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికలు చాలు. వండని 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు సుమారు 3 గ్రాములు. మైదాలో కూడా అంతే. జొన్నలలో 10, రాగులలో 11, శనగపప్పులో 15, పొట్టుతో ఉన్న శనగలలో 25 గ్రాములు. ఈ అంకెలు చూశాక ఆ పొడి డబ్బా వెలను, కిరాణా కొట్లో కిలో శనగల వెలను పక్కపక్కన పెట్టి చూడండి.

కొత్త వంటలేమీ నేర్వవలసిన పని లేదు. రమజాన్‌లో ఇఫ్తార్‌కు ఖర్జూరాలతో పాటు ఉడికించిన శనగలు దస్తర్‌ఖాన్ మీదికి వస్తాయి. నెల దాటగానే అవి ఎక్కడికి పోతాయో తెలియదు. వారానికి మూడు సాయంత్రాలు సమోసాల స్థానంలో అవే శనగలు, పైన పచ్చి ఉల్లి ముక్కలు, నిమ్మరసం. దాల్చాలో శనగపప్పు, సొరకాయ ఎక్కువగా, మాంసం తక్కువగా వేస్తే రుచి చెడదు. ఖుబూలీలో శనగపప్పు పాలు పెంచవచ్చు. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె. మధుమేహం ఉన్నవారు ఖర్జూరాలను లెక్కపెట్టుకునే తినాలి. పీచు ఉన్నంత మాత్రాన వాటిలోని చక్కెర మాయం కాదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చిగా తిని మస్జిదుకు వెళ్ళరాదన్న మర్యాద మనకు ఉన్నదే. వాటిలోని ఫ్రక్టాన్లు నీటిలో కరిగేవి గనుక, కూరలో వేసి ఉడికించినా పులుసులోనే ఉంటాయి. పులుసు వదలకుండా తింటే సరి.

వండి చల్లార్చిన అన్నంలో జీర్ణం కాని పిండి కొంత పెరుగుతుందన్నది నిజమే. కానీ ఆ పెరుగుదల మితమైనది. వేసవిలో అన్నాన్ని బయటే వదిలివేస్తే వాంతులు, విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా కూడా అందులో పెరుగుతుంది. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినదైతేనే మరునాడు వాడండి.

ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి రేపే అందరికీ గిన్నెడు శనగలు వడ్డిస్తే రాత్రికి ఇల్లంతా మమ్మల్ని తిట్టుకుంటుంది. పీచును మూడు, నాలుగు వారాలలో కొద్దికొద్దిగా పెంచాలి, నీరు బాగా త్రాగాలి. శనగలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి ఉడికిస్తే ఉబ్బరం తగ్గుతుంది. కొందరికి ప్రేగుల సున్నితత్వం వలన ఉల్లి, వెల్లుల్లి, పప్పులు నిజంగానే బాధపెడతాయి. వారు వైద్యుల సలహాతోనే నడుచుకోవాలి. అత్తగారికి మలవిసర్జన అలవాటు హఠాత్తుగా మారినా, రక్తం కనిపించినా, కారణం తెలియకుండా బరువు తగ్గినా శనగలతో, ఇసబ్‌గోల్‌తో కాలం గడపకుండా వైద్యులకు చూపించండి. భర్తగారు చక్కెర మాత్రలను స్వయంగా తగ్గించుకోరాదు. భోజనం మారుతున్నదని వైద్యులకు చెప్పి, రక్తపరీక్ష చూసి వారే నిర్ణయించనివ్వండి.

పీచు పెంచితే ప్రతి ఇంట్లోనూ అన్నీ చక్కబడతాయని కూడా మేము చెప్పము. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మందిపై జరిపి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, పది వారాలు పీచు ఎక్కువగా తిన్నవారిలో బ్యాక్టీరియా జాతుల వైవిధ్యం మొత్తం మీద పెరగలేదు. పెరుగు వంటి పులిసిన పదార్థాలు తిన్నవారిలో పెరిగింది. బహుశా ఏళ్ళ తరబడి మేత లేక కొన్ని జాతులు అప్పటికే వెళ్ళిపోయి ఉండవచ్చు. వడ్డించేందుకు పళ్ళెం ఉన్నది, తినేవారు లేరు. కనుక శనగలతో పాటు ఇంట్లో తోడుపెట్టిన పెరుగు కూడా భోజనంలో ఉండనివ్వండి.

సోదరీ, డబ్బాలో ఇంకా పొడి మిగిలి ఉంటే పారవేయకండి. అది సొమ్ము పెట్టి కొన్నదే. ఎవరి కడుపునూ బాధించకపోతే రోజుకు అర చెంచా చొప్పున అయిపోయేదాకా వాడండి. ఖాళీ అయిన తరువాత ఆ డబ్బాను కడిగి ఆరబెట్టి, శనగలు పోసుకోండి. వచ్చే నెల నుండి ఆ రెండు వేలు తిరిగి పాప పేరిట వేయండి. మూడు నెలల తరువాత భర్తగారి రక్తపరీక్ష ఫలితం ఎలా ఉన్నదో మాకు వ్రాయండి.